ఇసుక అలిగిన బాట

*ఏ తుపాను లేచినను ముందుగా తెగునది కాకినాడ–ఉప్పాడ తీరమార్గము. బాగుచేయబడుచునే కడలిలో గలియుచున్న ఈ దారికి పట్టిన వ్యాధి ఎక్కడిది?*

2025 అక్టోబరు 28వ తేదీ. మొంథా తుపాను ఆ రాత్రి నర్సాపురము చేరువను తీరము దాటనున్నదని టీవీలును చేతిఫోనులును ఘోషించుచుండ, తుపాను కన్ను ఇంకను ఎంతో దూరమున నుండగనే, ఉప్పాడ యొద్ద సముద్రము ఎవరి ప్రకటనకును వేచియుండక త్రోవ మీదికి వచ్చినది. బురదవన్నె తిరిగిన కెరటము దూరమున లేచి, గట్టును సమీపించిన కొలది వెన్నెత్తి, రక్షణకై పోసిన నల్లబండల మీద విరుచుకొని పడి, ఇండ్ల కప్పుల కంటె ఎత్తున నురుగై ఎగసి, ఆ నురుగుతో గూడ గులకరాళ్ళు మొదలు గుండ్రాళ్ళ వరకు పెల్లగించి తెచ్చి తారు మీద కుమ్మరించి మరలిపోవుచున్నది. మరలిపోవునప్పుడు ఆ నీరు దారి అంచు క్రింది మన్నును కొంచెము కొంచెముగా వెంటగొనిపోవుట, నురుగును జూచి నివ్వెరపోవువారి కంట బడదు గాని, అసలు నష్టము జరుగునది అప్పుడే.

త్రోవ రెండు కొసలను ఇనుప కంచెలు అడ్డము పెట్టి వాహనములను వెనుకకు మరలించిరి. అయితే ఒడ్డున నిలుపుటకు ఇసుక మిగులనందున, ఫైబరు బోట్లను పదుగురేసి కలిసి భుజము పట్టి, తారుదారిని దాటించి, ఇండ్ల నడుమ సందులలోనికి లాగుకొనిపోవు వేటగాండ్రను ఏ కంచె ఆపగలదు? “అటెళ్ళకు తాతా, అక్కడ రోడ్డు లేదు” అని పడుచు కానిస్టేబులు కేకవేయుటయు, “రోడ్డు లేదని నాకెరికే బాబూ, నా పడవుందక్కడ” అని ముదుసలి ఆగకయే బదులిచ్చుటయు ఇచ్చట ప్రతి తుపానునాడును వినవచ్చు మాటలే.

గాలి అణగిన పిమ్మట ఈ దారి చూపు రూపమును ఎన్నడును ఒక్కటే. సగము వెడల్పు కోసుకొనిపోయి, తారుపొర అడుగున ఆధారము లేక వ్రేలాడుచు, మైలురాయి ఒకటి సముద్రము వైపు ఒరిగి నిలిచియుండును. అధికారులు వత్తురు, నాయకులు వత్తురు, రాళ్ళ లారీలు వచ్చును, తారు మరల పరచబడును. పూర్వ తూర్పుగోదావరి జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ నుండి కాకినాడ జిల్లాలో చేరిన ఈ తీరమున ఇదియొక వార్షికోత్సవము వలె సాగుచున్నది.

ఈ దారి ఎవరి కొరకు

పటములో చూచిన ఇది చిన్న త్రోవయే. కాకినాడ నగరమును వీడి, వాకలపూడి దీపస్తంభమును దాటి, ఒకప్రక్క సరుగుడు తోపులును వేరొకప్రక్క బంగాళాఖాతమును తోడురాగా, పదిహేను కిలోమీటర్లకు కొంచెము అటునిటుగా ఉప్పాడను జేరి, అచ్చట నుండి కోనపాపపేట మీదుగా తుని దిక్కునకు, ఒకదాని వెంట నొకటిగా నున్న పల్లెలను కలుపుకొనుచు సాగును. ఆదివారము సాయంకాలమున నగరము నుండి మోటారు సైకిళ్ళపై వచ్చు యువజనులకు ఇది ‘బీచి రోడ్డు’. వారు ఫోటోలు తీసికొందురు, మొక్కజొన్న పొత్తులు తిందురు, దీపాలవేళకు తిరిగిపోదురు. పత్రికలలో ఈ దారి తెగినదని చదువునప్పుడు చాలమందికి స్ఫురించునది ఆ విహారమే.

తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు ఈ దారిని జూచినవారికి వేరొక లోకము గోచరించును. వేట ముగించి బోట్లు ఒడ్డు పట్టుచుండగనే చేపల పాట మొదలగును. వంజరము, చందువ, పండుగప్ప వంటి విలువగల సరుకు ఐసు పెట్టెలలో కెక్కి పెద్ద వర్తకుల వ్యానులలో వెడలిపోవును. కానాగంతలు, కవళ్ళు, నెత్తళ్ళు మొదలైనవి గంపల కెత్తుకొని, నలుగురు పట్టు ఆటోలో పదుగురు సర్దుకొని, తడిసిన కొంగులు నడుమునకు దోపుకొని స్త్రీలు కాకినాడ బజారులకును, పిఠాపురము, సామర్లకోట సందులకును బయలుదేరుదురు. పురుషుడు కడలి నుండి తెచ్చిన దానికి బజారులో ధర కట్టునది ఆమెయే. ఇంటికి బియ్యము, బడికి ఫీజు, వలకు దారము, ఇంజనుకు డీజిలు అన్నియు ఆమె గంప నుండి రావలసినవే. ఏడు గంటలలోపల బజారున కూర్చుండిన గంపకును, ఎనిమిది దాటిన తరువాత చేరిన గంపకును వచ్చు ధరలో గల తారతమ్యమును ఆమె యెరిగినంతగా ఏ ఆర్థికశాస్త్రజ్ఞుడును ఎరుగడు.

దారి తెగినప్పుడు ఆటో తీరము విడిచి పడమటికి మరలి, పిఠాపురము వెళ్ళి, అచ్చట 216వ జాతీయ రహదారి నెక్కి కాకినాడకు రావలెను. దూరము దాదాపు రెట్టింపగును, బాడుగయు అట్లే పెరుగును, ఐసు కరగును, గంపలోని చేప కన్ను మసకబారును. ప్రసవవేదనతో నున్న పడుచును కాకినాడ ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోవు వారికి ఆ చుట్టుదారి ఎంత పొడవుగా దోచునో వ్రాయ నవసరము లేదు.

రవాణా ఒక్కటే దీని పని యని భావించుటయు పొరపాటే. ఇండ్ల ముంగిట ఇసుక మాయమైన పల్లెలకు ఈ తారుదారియే వాకిలి, కల్లము, పనిచోటు. వలలు పరచి చినుగులు కుట్టుకొనుట ఇచ్చటనే. నెత్తళ్ళు ఎండబెట్టుకొనుట ఇచ్చటనే. వేసవిరాత్రులు మంచములు వేసికొనుట ఇచ్చటనే. తమ గోడు ఎవరును వినిపించుకొననప్పుడు వచ్చి కూర్చుండునదియు ఇచ్చటనే. తీరమందలి ఔషధ పరిశ్రమల వ్యర్థజలములు కడలిలో గలియుటచే వేట పాడగుచున్నదని 2025 సెప్టెంబరులో మత్స్యకారులు వేలాదిగా ఉప్పాడ కూడలిలో బైఠాయించినప్పుడు, ప్రభుత్వము కదలివచ్చినది దారి ఆగినందువలననే.

> మగ్గము గుంట, ఉప్పుగాలి
>
> ఉప్పాడ యనగనే ఆంధ్రదేశమున ముందుగా స్ఫురించునది చేప గాదు, చీర. ఉప్పాడ, కొత్తపల్లి గ్రామములలో నేయు జాందానీ చీరలకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఏ యంత్ర సాధనమును లేకుండ, నేత నడుచుచుండగనే పువ్వునకు పువ్వు చేతితో పోగులు చొప్పించి తీర్చు ఈ విద్యలో బుటా రెండు ముఖములను ఒక్క తీరుగ కనుపించును. పెద్ద పనితనముగల చీరకు మగ్గము మీద ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి వారములకొలది శ్రమింపవలెను. తుపాను దినములలో నేల చెమ్మగిల్లి గుంటమగ్గములలో నీరూరినచో పని ఆగును. దారి తెగినచో కొనువారు రారు. సముద్రమునకు వీపు చేసి కూర్చున్న వృత్తికిని సముద్రపు బెడద తప్పలేదు.

సముద్రములో నున్న ఊరు

ఉప్పాడలో పెద్దవారిని “మీ పాత ఇల్లెక్కడ?” యని అడిగినచో, వారు ఊరి వైపు చూపరు. చేయి తూర్పునకు చాచి కెరటముల ఆవల చూపుదురు. అచ్చట వీధి యుండెడిదనియు, దాని వెనుక కోవెల యుండెడిదనియు, కోవెల వెనుక కొబ్బరితోట, తోటకును కడలికిని నడుమ అలివి వల లాగుటకు చాలినంత ఇసుకమేట యుండెడిదనియు చెప్పుదురు. ఒడ్డున రెండు జట్లుగా నిలిచి అర్ధచంద్రాకారముగా వల లాగు ఆ అలివి వేటకు విశాలమైన ఇసుకతీరము కావలెను. తీరము సన్నగిల్లిన కొలది ఆ వేటయు సన్నగిల్లినది. వలయు పడవయు లేని నిరుపేదకు గూడ త్రాడు పట్టి లాగినందుకు ఒక పాలు చేప దొరకెడి ఆ పద్ధతి పోవుటచే పల్లెలోని కడపటి మనుజునకు కలిగిన నష్టము ఏ తుపాను నష్టపరిహారపు పట్టికలోను ఎక్కలేదు.

ఒకే జీవితకాలమున రెండుమూడు మారులు ఇల్లు కట్టినవారు ఇచ్చట అరుదు గారు. మొదటి ఇల్లు తండ్రి ఇచ్చినది; రెండవది అప్పు చేసి కట్టినది; మూడవది ప్రభుత్వ కాలనీలో దొరకిన గది. పట్టాకాగితము పెట్టెలో భద్రముగా నుండును గాని, పట్టాలోని నేల మీద ఇప్పుడు బోట్లు నడుచును. వరదలో మునిగిన పొలము ఒకనాటికి తేలును. సముద్రము కోసికొన్న స్థలమునకు ఆ ఆశ లేదు. గాలికి ఎగిరిపోయిన కప్పునకు పరిహారమున్నదని చట్టమునకు దెలియును గాని, ఇంటి క్రింది భూమియే లేకపోయినప్పుడు దానిని ఏ పద్దు క్రింద వ్రాయవలెనో తేల్చుటకు మన కచేరీలకు ఏండ్లు పట్టుచున్నది.

2020 నవంబరులో నివర్ తుపాను వెలసిన పిమ్మట ఇచ్చట ఒక చిత్రము జరిగినది. ఒడ్డున ఇసుకలో బంగారపు రేణువులు, చిన్న పూసలు దొరకుచున్నవన్న వార్త ప్రాకగా, పిల్లలు, ముదుసళ్ళు, ఆడువారు, మగవారు దువ్వెనలు, పుల్లలు, జల్లెడలు చేతబట్టి తీరమంతయు నిండిరి. కొందరికి నిజముగనే దొరకినది. పత్రికలు దానిని వింతగా ప్రచురించినవి. దూరపు వారు అదృష్టమనిరి. కడలిలో గలిసిన కోవెలలదియు, ఇండ్లదియు బంగారమే తిరిగి వచ్చుచున్నదని స్థానికులు చెప్పుకొనిరి. ఎవరి పుస్తెల పూసను ఎవరు ఏరుకొనుచున్నారో తెలియని ఆ గుంపును జూచి అదృష్టమను మాట వాడుటకు నాకు మనసొప్పలేదు.

ఇసుక జమాఖర్చు

ఇంతకును సముద్రము ఇచ్చటనే ఎందుకు చొచ్చుకొని వచ్చుచున్నది? దేశమందలి ప్రధాన భూభాగ తీరములో 1990 నుండి 2018 వరకు గల మార్పులను ఉపగ్రహ చిత్రములతో పరిశీలించిన జాతీయ తీరపరిశోధన కేంద్రము, సుమారు మూడవ వంతు తీరము కోతకు గురియగుచున్నదనియు, సుమారు నాలుగవ వంతు తీరమున నేల పెరుగుచున్నదనియు, మిగిలినది నిలకడగ నున్నదనియు తేల్చినది. అనగా సముద్రమునకు ఎవరి మీదను పగ లేదు. ఒకచోట తీసికొని వేరొకచోట పెట్టుచున్నది. ఉప్పాడ తీసికొనబడుచున్న చోట నున్నది.

తీరమును ఇసుక ఖాతా యనుకొనిన విషయము సుబోధమగును. మన తూర్పుతీరమున నైరుతి ఋతుపవనపు మాసములలో కెరటములు ఏటవాలుగ తాకుటచే ఇసుక దక్షిణము నుండి ఉత్తరమునకు కదలును. ఈశాన్య ఋతుపవన కాలమున కొంత వెనుకకు వచ్చును. సంవత్సరము మొత్తము మీద నడక ఉత్తరమునకే. ఒక పల్లె యెదుట గల ఇసుక శాశ్వతముగ ఆ పల్లెది కాదు. దక్షిణము నుండి వచ్చునది జమ, ఉత్తరమునకు పోవునది ఖర్చు. జమ ఆగి ఖర్చు నడచినచో ఏమగునో చెప్పుటకు శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

ఉప్పాడకు దక్షిణమున జమ ఎచ్చట ఆగినది? మొదటి సమాధానము ప్రకృతి చేసినదే. గోదావరి తెచ్చిన ఇసుకతో గడచిన రెండు శతాబ్దములుగ పెరిగి, ఇప్పుడు సుమారు పదునారు కిలోమీటర్ల పొడవున సాగియున్న హోప్ ఐలాండు అను ఇసుకదిబ్బ కాకినాడ అఖాతమునకు పెట్టని కోటగా నిలిచినది. దాని చాటున నగరమును, రేవును నిశ్చింతగ నున్నవి. దాని కొస దాటిన పిమ్మట నున్న ఉప్పాడకు ఆ చాటు లేదు. పైగా ఉత్తరమునకు సాగవలసిన ఇసుకలో కొంత ఆ దిబ్బను పెంచుటకే సరిపోవుచున్నది. దిబ్బ కొసను చుట్టి వంగిన కెరటముల బలము ఉప్పాడ దిక్కున కేంద్రీకృతమగుచున్నదని సముద్రశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు.

రెండవది మనుష్యుడు చేసినది. 1990ల చివర పూర్తియైన లోతైన రేవునకు కట్టిన అడ్డుగోడలును, ఓడల దారికై నిరంతరము సాగు పూడికతీతయు ఇసుక నడకను మార్చినవన్న అభిప్రాయము నిపుణులలోను, అంతకంటె బలముగ పల్లెలలోను గలదు. రేవు ఈ ప్రాంతమునకు అన్నము పెట్టిన మాటయు నిజమే. ఉప్పాడ యువకులు పెక్కుమంది అచ్చటనే కూలికి పోవుదురు. ఒడ్డున తండ్రి ఇల్లు కూలుటకు కారణమని తాము నమ్ము చోటనే కొడుకు ఉద్యోగము చేయుట ఇచ్చటి సంసారములలోని వైచిత్రి.

మూడవ కారణము తీరమునకు ఎన్నో వందల మైళ్ళ ఎగువన గలదు. మహారాష్ట్రమందలి జాయక్‌వాడి మొదలుకొని దిగువకు గోదావరి మీదను, దాని ఉపనదుల మీదను కట్టిన ప్రతి ఆనకట్టయు నీటితో గూడ ఒండ్రును పట్టి నిలుపుచున్నది. ఆ ఆనకట్టలు లేనిదే మనకు అన్నము లేదు. నేను వాని నిందింపబోను. కాని పొలమునకు నీరు పారించిన దినమున, కడలి యొద్ద ఎవరి నేల కరగునన్న లెక్క మనము వ్రాయలేదు.

> గోదావరి తెచ్చినది, తేలేనిది
>
> ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు చెందిన హేమమాలిని, కె. నాగేశ్వరరావు అను శాస్త్రజ్ఞులు 2004లో ప్రకటించిన పరిశోధన ప్రకారము, 1970లలో గోదావరి ఏటా డెల్టాకు చేర్చిన ఒండ్రు సుమారు 15 కోట్ల టన్నులు. 1990లలో అది సుమారు ఆరు కోట్ల టన్నులకు దిగినది. ధవళేశ్వరమున సర్ ఆర్థర్ కాటన్ కట్టించిన తొలి ఆనకట్ట 1852 నాటిది. డెల్టా అంచున తీరము వెనుకకు జరుగుటకు ఎగువ జలాశయములు ముఖ్యకారణమని ఆ శాస్త్రజ్ఞుల నిర్ణయము.

బండలు, సంచులు

సముద్రము వచ్చుచున్నదనగనే మనుష్యునకు తోచు మొదటి ఉపాయము గోడ. ఉప్పాడ యొద్ద రాళ్ళు పోయుట ఎన్నో దశాబ్దములుగ సాగుచున్నది. దాదాపు పదిహేనేండ్ల క్రితము, గట్టి కృత్రిమ వస్త్రముతో కుట్టిన పెద్ద గొట్టముల వంటి సంచులలో సముద్రపు ఇసుకను నీటితో గలిపి యంత్రములచే నింపి, సుమారు కిలోమీటరునకు పైగా వరుసలుగ పేర్చి, మీద రాళ్ళు కప్పిరి. జియోట్యూబు అను ఆ క్రొత్త విధానము అప్పట్లో రాష్ట్రమున ఘనముగ చెప్పుకొనబడినది. కొంతకాలము అది ఊరిని కాచిన మాట గ్రామస్థులును ఒప్పుకొందురు. తరువాత వరుసగ వచ్చిన తుపానులకు సంచులు చినిగి, లోని ఇసుక కారిపోయి, నల్లని వస్త్రఖండములు ఒడ్డున మిగిలినవి.

గోడ ఎందుకు నిలువదు? వాలుగ నున్న ఇసుకతీరము మీదికి వచ్చిన కెరటము పరుగెత్తి పరుగెత్తి అలసి, తన బలమును ఇసుకలో ఇంకించి, మెల్లగ వెనుకకు జారును. నిటారుగ నున్న గోడకు తగిలిన కెరటము అలయదు. వచ్చిన బలముతోనే వెనుకకు తన్ని, గోడ పాదము నొద్ద ఇసుకను త్రవ్వును. పాదము లోతైన కొలది మరింత పెద్ద కెరటము గోడ దాక రాగలదు. బండలు ఒకటొకటిగ ఆ గోతిలోనికి దొరలును. వాని వెనుక నున్న మన్ను సందులగుండ కారిపోవును. చివరకు తారుదారి క్రింద డొల్ల ఏర్పడును. పైనుండి చూచువానికి దారి చక్కగనే యుండి, ఒకనాటి రాత్రి లారీ చక్రము క్రింద విరుగును. అంతేగాక గోడ ముగిసిన చోట ఆగిన ఇసుకకై ఆకలిగొన్న కెరటము ప్రక్క పల్లె మీద పడును. ఉప్పాడ యొద్ద రాళ్ళు పోసిన పిమ్మట ఉత్తరమున నున్న పల్లెల వారు “మాకును పోయుడు” అని అడుగుట మొదలిడిరి. ఈ కోరికకు అంతము తుని దాటినను రాదు.

ఇచ్చట కాలమును గూర్చి ఒక మాట. ఈ తీరమున సముద్రము శాంతముగ నుండు నెలలు మాఘము నుండి వైశాఖము వరకు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధము గూడ నుండుటచే బోట్లు కదలవు, దారి మీద రద్దీయు తగ్గును. గట్టి పని చేయదగిన సమయ మదియే. కాని తుపాను వచ్చిన పిమ్మట గాని సొమ్ము కదలదు. తుపానులు ఎక్కువగ వచ్చునది అక్టోబరు నుండి డిసెంబరు వరకు. కనుక కెరటము ఎగసిపడుచుండగనే హడావుడిగ రాళ్ళు పోయుదురు. వేసవి వచ్చునప్పటికి దారి నడుచుచున్నదిగదా యని కాగితములు అటకెక్కును. ఈ దారికి పంచాంగ దోషము పట్టినదని ఎవరైన హాస్యమాడిన నేను కాదనలేను.

> ఈ తీరము మరువని గాలులు
>
> 1839 నవంబరు: ఓడల నిర్మాణమునకు పేరుగాంచిన కోరంగి రేవు ఉప్పెనకు ధ్వంసమైనది.
> 1996 నవంబరు 6: కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వెయ్యిమందికి పైగా మృతిచెందిరి, కడలిలో వేటకు పోయిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు.
> 2014 అక్టోబరు 12: హుద్‌హుద్ విశాఖను తాకినది.
> 2018 డిసెంబరు 17: పెథాయి, కాట్రేనికోన యొద్ద.
> 2025 అక్టోబరు 28: మొంథా.

ఇతరులు చేసినది

ఈ వ్యాధి ఉప్పాడకు మాత్రమే గాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర చెన్నపట్నమున రేవు కట్టగా, దక్షిణమున ఇసుక నిలిచి మెరీనా విశాలమైనది. ఉత్తరమున రాయపురము దిక్కున పల్లెలు కోసుకొనిపోయినవి. నేడు మెరీనాలో తిరుగు లక్షలమందికి తమ పాదముల క్రింది ఇసుక ఎవరి వాకిటిదో తెలియదు. విశాఖపట్నమున రేవు చేరువ పేరుకొను ఇసుకను త్రవ్వి, ఓడలతో తెచ్చి, రామకృష్ణా బీచి దిక్కున మరల పోయు పద్ధతి చిరకాలముగ నున్నది. అది పరిపూర్ణమైన చికిత్స గాదు. అచ్చటను కోత ఆగలేదు. అయినను ఇసుకకు ఇసుకయే మందు అను సూత్రము అచ్చట అంగీకరింపబడినది. నగరపు విహారతీరమునకు అందిన మందు పల్లె తీరమునకు అందరాదన్న నియమ మేమియు లేదు. కాకినాడలో పూడికతీతలో వచ్చిన ఇసుక, అందులో ముతకదియు శుభ్రమైనదియు ఎంత గలదో పరీక్షించి, ఉప్పాడ యెదుట పోయవలసినదని స్థానికులు పలుమారులు అడిగిరి. రాళ్ళ లారీకి అయ్యెడి వ్యయము కంటికి కనుపించును. కెరటము మెల్లగ ఉత్తరమునకు కొనిపోవు ఇసుకకు ఏటేటా సొమ్ము వ్రాయుమనిన పద్దుల గుమాస్తాకు అది నీటిలో పోసిన ధనముగ దోచును. నిజమునకు రెండును నీటిలో పోసినవే. మొదటిది గోయి త్రవ్వును, రెండవది ఉత్తరపు పల్లెలకు గూడ జమ యగును.

మడఅడవులు పెంచిన సరిపోవునని కొందరందురు. 1978లో అభయారణ్యముగ ప్రకటింపబడిన కోరంగి మడలు కాకినాడకు దక్షిణమున ఎంతటి రక్షణ నిచ్చుచున్నవో అందరును ఎరుగుదురు. కాని మడచెట్టు బురదనేలను, ప్రశాంతమైన పాటునీటిని కోరును. నేరుగ కెరటము కొట్టు ఇసుకతీరమున అది వేరూనదు. ఇచ్చట సరుగుడు, తాడి, తీరపు తీగలు పట్టవలెను. అవి పట్టుటకు ముందు ఇసుక యుండవలెను.

ఉప్పాడలో ఫిషింగు హార్బరుకు 2020 నవంబరులో శంకుస్థాపన జరిగినది. అది పని మొదలిడినచో బోట్లకు నీడ దొరకును, కెరటముల నడుమ బోటు నెక్కించుటలో నడుములు విరుగవు, పాట సక్రమముగ సాగును. అదియు మరియొక అడ్డుగోడయే గనుక, దాని ఉత్తరమున ఇసుక తక్కువ పడకుండ ఏటేటా తరలించు పని దాని నిర్వహణలోనే చేర్చవలెను. ముందు కట్టి పిమ్మట చింతించు అలవాటు ఈ తీరమునకు ఎంతటి మూల్యము తెచ్చినదో పై పుటలే చెప్పుచున్నవి.

దారిని వెనుకకు జరిపినచో

దారిని పడమటికి, అనగా ఊరి వెనుకకు జరుపుట మేలని ఇంజనీర్లలో కొందరి సలహా. నేనును దానిని సమర్థింతును. సముద్రము కోరుచున్న అంచునే పట్టుకొని, అదే గీత మీద అదే దారిని మరల మరల వేయుట పట్టుదల కావచ్చును గాని వివేకము గాదు. బస్సులు, అంబులెన్సు, వ్యానులు లోపలి దారిని పోవలెను. పాత దారి వీధిగ మిగిలి, ఉన్నన్నాళ్ళు వలలు ఎండబెట్టుకొనుటకు ఉపయోగపడవలెను.

అయితే ఈ మాట చెప్పినంత సులభముగ ఊరిలో చెల్లదు. “రోడ్డుంది గనక రాళ్ళేస్తున్నారండీ. రోడ్డెళ్ళిపోతే మా ఇళ్ళ కోసం ఎవరేస్తారు?” అని అందురు. ఆ భయములో అబద్ధము లేదు. దారియే తమకు గోడ, దారియే తమకు సాక్షి యని వారు భావింతురు. దారి తెగిననాడు పత్రికలకు వార్త, ఇల్లు కూలిననాడు పల్లెకు మాత్రమే వార్త. కాలనీకి పొండు అనిన వేటగాడు వేరొక సంగతి చెప్పును: ఇంటి అరుగు మీద కూర్చుండి కెరటపు రంగు, గాలి తిరుగుట, దూరమున పక్షులు వ్రాలుట చూచి వేటకు పోవలెనో మానవలెనో నిర్ణయించు వానికి, రెండు మైళ్ళ లోపల కట్టిన గదిలో కిటికీ యున్నను కన్ను లేదు. బోటును, ఇంజనును ఒడ్డున విడిచి అంతదూరమున నిద్రపట్టుటయు కష్టమే.

స్త్రీల ప్రశ్న మరింత సూటియైనది. లోపలి దారి వచ్చునెడల తడి గంప నెత్తిన పెట్టుకొని ఒడ్డు నుండి ఆ దారి దాక నడువవలసినది వారు. ఇప్పుడు పాట ముగిసిన చోటనే ఆటో నిలుచును. అప్పుడు చీకటిలో, వానలో, పొలము గట్ల మీద నడక. కనుక క్రొత్త దారి గీయువారు ఒక్కొక్క పల్లె ఒడ్డు నుండి ఆ దారికి చేరు అడ్డదారిని గూడ అదే కాగితము మీద, అదే అంచనాలో గీయవలెను. అది ఆటో తిరుగునంత వెడల్పుగను, కల్వర్టులతోను, దీపములతోను ఉండవలెను. అది కలియు చోట ఐసు పెట్టెలు దించుటకు ఒక చిన్న పాక, మంచినీటి కొళాయి యుండవలెను. పెద్ద దారికి కేంద్రము, రాష్ట్రము పోటీపడి సొమ్ము తెచ్చును. ఈ అడ్డదారులు మాత్రము పంచాయతీ పద్దులోనికి జారిపోవు ప్రమాదమున్నది. ఇంటిపన్ను వసూలగు ఇండ్లే ఏటేటా తరుగుచున్న పంచాయతీ వాని భారమును మోయజాలదు.